రెండో టోకెను

పోయిన వారం మనం జేబుల పిన్నినీ కాజాల వదిననీ మరుగుదొడ్ల నడవలో ఎదురెదురుగా నిలబెట్టి వచ్చేశాం. ఇద్దరి చేతుల్లోనూ చెక్క టోకెన్లు. రెండింటి మీదా ఏడో నంబరే. నడవ ముందు కుర్చీ వేసుకుని కూర్చునే ఆయా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "ఒక లైనుకి రెండు టోకెన్లా! సూపర్‌వైజర్ సారూ!" అని పెట్టిన కేక దగ్గర కథ ఆగింది.

ఇవాళే వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. అది చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీ. చొక్కా అంతా ఒకరే కుట్టరు. ఒకరికి కాలరు, ఒకరికి జేబు, ఒకరికి కాజాలు. ఏళ్ళ తరబడి అదే ముక్క కుట్టీ కుట్టీ మనుషులకి ఆ పేర్లే స్థిరపడిపోయాయి. లైనుకి ముప్పై మంది. ముప్పై మందికి ఒక్క టోకెను. అది సూపర్‌వైజరు బల్ల పక్కన మేకుకి వేలాడుతుంది. మేకు మీద ఉంటే తీసుకుని వెళ్ళొచ్చు, లేకపోతే వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చేదాకా బిగబట్టుకుని కుట్టాలి. ఈ ఏర్పాటు చేసిన మహానుభావుడెవరో గాని, ఆయనకి జన్మలో ఒక్కసారైనా కడుపు పాడైనట్టు లేదు.

బిగబట్టుకోవడం ఏడో లైనులో కాలర్లు కుట్టే కాలరక్క చేతిలో లేదు. నాలుగేళ్ళ కిందట పాప పుట్టినప్పుడు బిడ్డ రాక రాక, చివరికి లాగి తీశారు. కింద వెనకదాకా చిరిగింది. కుట్లు మానాయి గాని పట్టు పోయింది. వస్తోందని తెలియడానికీ వచ్చెయ్యడానికీ మధ్య ఆమెకి ఒక కాలరు కుట్టేంత వ్యవధి ఉంటుంది. ఒక్కోరోజు అదీ ఉండదు. ఈ సంగతి తెలిసినవాళ్ళు లోకంలో ఇద్దరే. ఆమె ఒకరు, కథ చదువుతున్న మీరు ఒకరు. అందుకే రెండేళ్ళ కిందట భర్త చేత దొంగ టోకెను ఒకటి చేయించుకుంది. మేకు ఖాళీగా ఉన్నప్పుడు ఏప్రన్ జేబులోంచి అది తీసుకుని, స్తంభం వెనక ఉన్న తన మెషిన్ దగ్గర్నుంచి చప్పుడు కాకుండా జారుకునేది. చేసిచ్చిన భర్తకి కూడా అసలు కారణం తెలీదు.

ఇక ఇవాళ్టి సంగతి.

ఏడో లైను సూపర్‌వైజరుకి ఆడవాళ్ళు పెట్టుకున్న పేరు గడియారం. ఆయన మనిషి మొహం చూడడు, గోడ మీద ముల్లు చూస్తాడు. రెండు టోకెన్లూ పట్టుకొచ్చి లైను మధ్యలో నిలబడి చెయ్యెత్తేసరికి మెషిన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"వీటిలో ఒకటి కంపెనీది. ఇంకోటి ఎవరి బాబు సొత్తో నాకు తెలియాలి," అన్నాడు. "పిన్నీ, నీ చేతిలోకి ఎలా వచ్చింది?"

"నేల మీద కనపడింది. ఎవరో పారేసుకున్నారని తీశాను. ఎలాగూ చేతిలో ఉంది కదా, ఓసారి వెళ్ళొద్దామని వెళ్ళాను. అదీ తప్పేనా?"

"నమ్మమంటావా?"

"నమ్మకపోతే మానెయ్. చొక్కాకి జేబు ఎటువైపు ఉంటుందో నీకు నేర్పింది నేను."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. గడియారం అటు తిరిగేసరికి ఆ నవ్వు ఎవరిదో తెలియకుండా పోయింది.

కాలరక్క చెయ్యి తనంతట తానే ఏప్రన్ జేబులోకి వెళ్ళింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అంటారే, అచ్చం అలాగే. జేబు అడుగు నుంచి వేళ్ళు బయటికి వచ్చాయి. కుట్టు ఊడి వారమైంది. "ఇలా తేవే, రెండు నిమిషాల్లో కుట్టి పారేస్తాను" అని పిన్ని వారం నుంచీ పోరుతూనే ఉంది. రోజుకి వేల జేబులు కుట్టే చోట కూర్చుని, తన జేబు చిరుగు కుట్టించుకోవడానికి ఈవిడకి తీరిక దొరకలేదు! పొద్దున హడావిడిగా తిరిగొస్తూ పిన్ని మెషిన్ పక్క నుంచే వచ్చింది. అక్కడే జారిపోయి ఉంటుంది.

"వినండి," అన్నాడు గడియారం. "టీ గంట కొట్టేలోపు ఇది చేయించినవాళ్ళు వచ్చి ఒప్పుకోవాలి. లేదంటే పిన్ని ఇవాళే ఇంటికి. దొంగ పేరుతో ఇంటికి. రేపటి నుంచి ఏడో లైనుకి టోకెనే ఉండదు. పొద్దున ఓసారి, భోజనానికి ఓసారి. గంట కొట్టి తోలిస్తాను."

పిన్నిని ముందు పెట్టుకుని మేనేజరు గది వైపు నడిచాడు. హాలు మధ్యలో అద్దాలతో కట్టిన గది అది. లోపల జరిగేది అందరికీ కనిపిస్తుంది, ఒక్క ముక్క వినిపించదు. టీ గంటకి ఇంకా ఇరవై నిమిషాలుంది.

వాళ్ళు అటు వెళ్ళారో లేదో, ఇటు లైనులో మాటలు గుప్పుమన్నాయి.

"పిన్ని అలాంటి మనిషి కాదు," అంది కఫ్‌లు కుట్టే ఆవిడ.

"నేనూ కాదనే అంటున్నా," అంది కాజాల వదిన. ఈవిడ నోట్లో నువ్వుగింజ నానదు. "రెండో టోకెను ఎవరికి కావాలి? ఎక్కువసార్లు లేచేవాళ్ళకి. సెంటు పూసుకుని మరీ లేచేవాళ్ళకి. ఆ నడవ చివర ఏముంది? కటింగ్ సెక్షను. కటింగ్ మాస్టరు ఎవర్ని చూసి పళ్ళికిలిస్తాడో నేను చెప్పాలా?"

తలలన్నీ స్తంభం వైపు తిరిగాయి. కాలరక్క వంగి, సూదిలో ఉన్న దారాన్నే మళ్ళీ ఎక్కించింది.

సెంటు! నవ్వాలో ఏడవాలో తెలియని మాట. నాలుగేళ్ళుగా ఆమె రోజుకి పదిసార్లు తనని తాను వాసన చూసుకుంటోంది. ఏమీ లేకపోయినా ఉన్నట్టే ఉంటుంది. అందుకని సెంటు. పొద్దున్నే ఏమీ తినదు, మధ్యాహ్నం డబ్బా తెరిచి రెండు ముద్దలు కెలికి మూసేస్తుంది, ఇంటికి వెళ్ళాకే భోజనం. బస్సెక్కదు. ముప్పావు గంట నడిచి వస్తుంది, ఆ దారిలో ఏ తలుపు తడితే లోపలికి రానిస్తారో ఆమెకి కంఠతా వచ్చు. పెళ్ళిపిలుపు వస్తే ఆమెకి తలనొప్పి వస్తుంది. మనసారా నవ్వి ఎన్నాళ్ళయిందో, నవ్వితే భయం. తుమ్మొస్తే భయం. రాత్రి వంటగదిలో, పెరటి తలుపు పక్కన చాప వేసుకుంటుంది. మొదట్లో భర్త అడిగేవాడు, ఏమిటీ వేషమని. నడుం నొప్పి అంది. ఇంకోసారి అడిగితే ఉక్కపోత అంది. తర్వాత ఆయన అడగడం మానేశాడు. అడగనందుకు ఆమె సంతోషించింది, ఆ సంతోషానికి సిగ్గుపడింది కూడా.

చెప్పుకోలేని చోట దెబ్బ తగిలితే మనిషి ఇలాగే బతుకుతాడు. అమ్మకి చెప్పలేదు. చెబితే అమ్మ ఏడుస్తుంది. పురుడు పోసిన ఆసుపత్రికి ఒకసారి వెళ్ళి నర్సుతో సగం మాట చెప్పింది. "పిల్లల్ని కన్నాక అందరికీ ఉండేవేలే, సర్దుకుంటాయి" అని నర్సు ఇంకొకరిని పిలిచింది. మిగతా సగం మాట ఆమె నోట్లోనే ఉండిపోయింది.

అద్దాల గదిలో పిన్ని కళ్ళజోడు తీసి తుడుచుకుంటోంది. పెట్టుకుంది. మళ్ళీ తీసింది. ఇరవై రెండేళ్ళు ఇదే హాల్లో పనిచేసిన మనిషి. కాలరక్క కొత్తగా చేరిన రోజు వేలిలో సూది దిగితే, వేలు నోట్లో పెట్టుకుని రక్తం పీల్చి ఉమ్మి, "ఏం కాదు, ఇక నువ్వు మాలో మనిషివి" అన్న పిన్ని. దొంగ అని పేరు పెట్టించుకుని గేటు దాటుతుందా?

"నేనే అని చెప్పేస్తే సరి" అనుకుంది కాలరక్క. అంతటితో ఆగేదైతే ఈపాటికి చెప్పేసేది. వెంటనే అడుగుతారు, ఎందుకు అని. ఆ "ఎందుకు"కి జవాబు చెప్పడం కన్నా ఉద్యోగం పోవడం నయం. పోనీ ఊరుకుందామా? ఊరుకుంటే పిన్ని. పైగా రేపటి నుంచి టోకెనే లేని లైనులో ఒక్క పూట కుట్టడం కూడా తన వల్ల కాదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

అప్పుడే కడుపులో మొదటి సుడి తిరిగింది. భయపడితే దానికి అదే అదను. ఆమె ఊపిరి బిగబట్టి, కాళ్ళు దగ్గరగా పెట్టుకుని లేచి నిలబడింది. లేచాక మళ్ళీ కూర్చుంటే ఇక ఈ జన్మకి లేవలేనని తెలిసింది. నడిచింది. వెనక కాజాల వదిన "చూశారా, చెప్పలా!" అనడం వినిపించింది.

మేనేజరు మరీ చెడ్డవాడేం కాదు. ఎప్పుడూ జలుబుతో ఉండే మనిషి, ముక్కు తుడుచుకోవడమే ఆయనకి సగం ఉద్యోగం. కాలరక్క లోపలికి వచ్చి తలుపు వేసేసరికి చేతిరుమాలు మడుస్తున్నాడు.

"అది నాది సార్," అంది ఆమె. "పిన్నికి ఏమీ తెలీదు. ఆవిడని పంపించెయ్యండి."

"నీదా?" పిన్ని నోరు తెరిచింది. "ఒసేయ్, నీకెందుకే రెండో టోకెను?"

"అదే నేనూ అడుగుతున్నాను," అన్నాడు మేనేజరు.

కాలరక్క జేబు చిరుగులో వేలు తిప్పింది. గడియారం టోకెను వెలుతురులోకి పెట్టి తిప్పాడు. "సార్, ఇటు చూడండి. ఏడు అంకె నడుం మీద అడ్డగీత. కాల్చిన మేకుతో పెట్టింది. మన పెట్టెల మీద ఏడుకి ఇలా అడ్డగీత పెట్టేవాడు ఒక్కడే ఉన్నాడు. ప్యాకింగ్ షెడ్డులో వడ్రంగి. ఈవిడ మొగుడు."

"ఆయన్నెందుకు సార్ మధ్యలో..." అంది ఆమె. అప్పటికే మేనేజరు ఫోనెత్తాడు.

ఆ అయిదు నిమిషాలూ ఎలా గడిచాయో ఆమెకే తెలియాలి. రెండో సుడి వచ్చింది. చెవుల్లో హోరు. చల్లటి చెమట మెడ మీదుగా దిగింది. బల్ల అంచు పట్టుకుని, మనసులో ఒక కాలరు కుట్టడం మొదలుపెట్టింది. ముందు కొన, పక్క వంపు, రెండో కొన. బయట టీ గంట కొట్టారు. టీ తాగాల్సిన లైనంతా గ్లాసులు పట్టుకుని అద్దం అవతల నిలబడింది.

భర్త వచ్చాడు. జుట్టులో, కనుబొమల్లో రంపపు పొట్టు. గదిలో అందరినీ చూశాడు, ఆమెని ఆఖరున చూశాడు.

"ఇది నువ్వు చేసిందేనా?"

ఆయన టోకెను చేతిలోకి తీసుకోనైనా లేదు. "నేనే సార్. పాతది చేతిలో పోయింది, తెలిస్తే గొడవవుతుంది, అలాంటిదే ఒకటి చేసిపెట్టమంది. చేసిచ్చాను."

"పాతది పోలేదయ్యా. ఇదిగో."

బల్ల మీద రెండూ పక్కపక్కన ఉన్నాయి. ఆయన వాటిని చాలాసేపు చూసి ఆమె వైపు తిరిగాడు. "మరి నాతో ఎందుకలా చెప్పావు?" అన్నాడు. కోప్పడి ఉంటే బాగుండేది. నెమ్మదిగా అడిగాడు.

"అడుగు బాబూ, అడుగు," అన్నాడు గడియారం. "మాకు చెప్పదు, నీకైనా చెబుతుందేమో. ఆ నడవ దాటితే కటింగ్ సెక్షను. నలుగురూ ఊరికే అనుకోరుగా. నిప్పు లేనిదే పొగ రాదు."

"నీ నోరు పడ!" అంది పిన్ని.

కాలరక్క పిన్ని మాట వినలేదు. భర్త మొహమే చూస్తోంది. ఆ మాటకి ఆయన ఉలిక్కిపడలేదు. ఎవరి గురించి అని అడగలేదు. అంటే ముందే విన్నాడన్నమాట. విని, ఇంటికొచ్చి, పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని అన్నం తిన్నాడన్నమాట. ఆమెకి కడుపులోని నొప్పికన్నా అది ఎక్కువ నొప్పి పెట్టింది.

మూడో సుడి. ఇది ఆగదని ఆమెకి తెలుసు.

"సార్, ఒక్కసారి వెళ్ళొచ్చి అన్నీ చెబుతాను. ఒట్టు," అంటూ తలుపు వైపు కదిలింది.

గడియారం తలుపుకి అడ్డంగా చెయ్యి పెట్టాడు. "టోకెను లేదుగా," అని తన హాస్యానికి తనే నవ్వాడు. "ముందు చెప్పు, తర్వాత వెళ్ళు."

"ఆగదు."

"ఏం ఆగదు?"

ఆమె ఆ చెయ్యి వంక చూసింది. నాలుగేళ్ళు మోసిన మాట, ఎన్నో రాత్రులు మనసులో ఎన్నో రకాలుగా మర్యాదగా పేర్చుకున్న మాట, తీరా నోరు దాటేసరికి మర్యాదలన్నీ ఊడిపోయి వచ్చింది.

"నాకు దొడ్డికి ఆగదు. పాప పుట్టినప్పుడు చిరిగింది, అప్పటి నుంచీ ఆగదు. వస్తోందంటే వచ్చేసినట్టే. అందుకే రెండో టోకెను. అందుకే సెంటు. అందుకే అన్నీ. ఇంకా వివరంగా కావాలా? చెయ్యి తియ్యండి సార్, మీ కాళ్ళకి దండం పెడతాను."

గడియారం చెయ్యి అక్కడే ఉండిపోయింది. తియ్యకూడదని కాదు, తియ్యాలన్న సంగతే మరిచిపోయాడు. పిన్ని లేచింది. బల్ల మీద టోకెన్లు రెండూ ఒక్క గుప్పిట్లో ఊడ్చి కాలరక్క చేతిలో కుక్కింది. "ఏది కావాలంటే అది తీసుకో, ముందు వెళ్ళు," అంటూనే తలుపుకి అడ్డంగా ఉన్న గడియారం చేతిని ఒక్క తోపు తోసింది. తలుపు పక్కన పడున్న చొక్కాల కట్ట ఒకటి చంకకెత్తుకుని, ఆమె వెనకాలే, వీపుకి వీలైనంత దగ్గరగా నడిచింది.

దారి సగంలో ఉండగానే ఆలస్యమైపోయింది. ఆ మాట దాచడం ఎందుకు. అయితే కట్ట అడ్డంగా ఉంది, ఎవరికీ కనపడలేదు.

తలుపు లోపల నీళ్ళ చప్పుడు. తలుపు బయట పిన్ని.

"నా మెషిన్ కింద నల్ల సంచి ఉంది పిన్నీ."

పిన్ని వెళ్ళి తెచ్చింది. తలుపు సందులోంచి అందించింది. అందులో ఏముందో ఆవిడకి అర్థమైంది. ఒక జత బట్టలు, మడతలు పెట్టిన పాత గుడ్డలు, సబ్బు, మూత బిగించే డబ్బా. నాలుగేళ్ళ కాపరమంతా ఆ సంచిలో ఉంది.

"పక్కనే కూర్చుని కుడుతున్నానే, నా కళ్ళు పోయాయా!" అంది పిన్ని తలుపుతో. కోపంగానే అంది. "ఒక్క మాట చెప్పకూడదుటే?"

"ఏమని చెప్పను?"

పిన్ని తలుపుకి ఆనుకుని కూర్చుంది. "మా పెద్దక్కకీ ఇలాగే అయింది. నలుగురు పిల్లల తర్వాత. వెనక గదిలో మంచం వేసి అక్కడే ఉంచాం. నేను అన్నం పళ్ళెం గుమ్మంలో పెట్టి వచ్చేదాన్ని. లోపలికి వెళ్ళేదాన్ని కాదు. వాసనని. డాక్టరుకి చూపిద్దామని ఇంట్లో ఒక్కళ్ళకీ తోచలేదు. నాకూ తోచలేదు. ఇంతకీ దీనికి వైద్యం ఉందటా?"

"తెలీదు. అడగలేదు."

"ఎవర్ని అడగలేదు?"

"ఎవర్నీ."

"బాగుంది," అంది పిన్ని. "నీకూ నాకూ బాగానే సరిపోయింది. మొహం కడుక్కుని రా."

ఇద్దరూ తిరిగొచ్చేసరికి భర్త గదిలో లేడు. గడియారం గోడ వైపు చూడకుండా తన బూట్ల వైపు చూస్తున్నాడు. మేనేజరు రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు, రెండుసార్లు ముక్కు తుడుచుకున్నాడు.

"పిన్నీ, నీ మీద ఏమీ లేదు. వెళ్ళి పని చూసుకో," అన్నాడు. పిన్ని కదల్లేదు. ఆయన అది గమనించనట్టు ఊరుకుని, కాలరక్కతో, "చూడమ్మా, ఇలాంటి జబ్బు ఉన్నప్పుడు ఇంట్లో ఉండాలి," అన్నాడు.

"ఇంట్లో ఉంటే ఆగుతుందా సార్?"

పిన్ని చప్పున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మేనేజరు చెవులు ఎర్రబడ్డాయి.

"అది కాదు... సరే. దొంగ టోకెను తప్పే. దాని సంగతి తర్వాత చూద్దాం. సోమవారం పొద్దున కంపెనీ డాక్టరు వస్తాడు. ఆయనకి చూపించుకో. పని చెయ్యొచ్చని రాసిస్తే నీ మెషిన్ నీది, మేకుతో పని లేకుండా ఎప్పుడు కావాలంటే అప్పుడు లేవొచ్చు. చెయ్యకూడదని రాస్తే నా చేతుల్లో ఏమీ లేదు." గడియారం వైపు తిరిగాడు. "ఇక్కడ విన్నది ఈ గదిలోనే ఉండాలి. బయట ఒక్క చెవిన పడినా నిన్ను అడుగుతాను."

అవకాశం అంటే అవకాశమే, గండం అంటే గండమే. ఆమె కాలరు కుట్టు నిలుస్తుందో పోతుందో ఇక డాక్టరు కలం గీసే ఒక్క గీతలో ఉంది. అయినా బయటికి వస్తుంటే కాలరక్కకి ఒళ్ళు తేలికైనట్టు అనిపించింది. చెప్పింది. ఆకాశం విరిగి పడలేదు. పిన్ని ముక్కు మూసుకోలేదు.

లైనులోకి వచ్చేసరికి మాటలన్నీ ఆగిపోయాయి. అద్దంలోంచి వాళ్ళు చూసింది వాళ్ళు చూశారు. మొగుణ్ణి పిలిపించారు, ఆవిడ ఏదో ఒప్పుకుంది, ఏడుస్తూ పరిగెత్తింది, మొగుడు తల వంచుకుని వెళ్ళిపోయాడు. ఇంకేం కావాలి?

"పాపం ఆ మనిషిని చూస్తే కడుపు తరుక్కుపోతోంది," అంది కాజాల వదిన, కాజా మీద నుంచి తల ఎత్తకుండా.

"నీ కడుపు సంగతి తర్వాత తరుక్కుందువు గాని, నోరు కుట్టుకో," అంది పిన్ని. "దారం కావాలంటే నేనిస్తాను."

కాలరక్క తన మెషిన్ దగ్గర కూర్చుంది. అనుకుంటే అనుకోనీ అనిపించింది ఆ క్షణాన. ఆమె సమాధానం చెప్పుకోవాల్సింది ఒక్కరికే. పని ముగిసిన గంట కొట్టగానే ప్యాకింగ్ షెడ్డు వైపు నడిచింది.

ఆయన ఒక్కడే ఉన్నాడు. సగం చేసిన పెట్టె మీద కూర్చున్నాడు. రంపం, సుత్తి, మేకుల డబ్బా అన్నీ పక్కన సర్దేసి ఉన్నాయి. ఆమెని చూసి లేవలేదు, వెళ్ళమనీ అనలేదు. ఆమె ఎదురుగా ఇంకో పెట్టె మీద కూర్చుంది.

"పాప పుట్టినప్పటి నుంచా?"

"అవును."

"వంటగదిలో పడుకోవడం?"

"అందుకే."

"మా చెల్లెలి పెళ్ళికి రాకపోవడం?"

"అదీ అందుకేనండీ."

"నాతో చెప్పడానికేమయింది?"

"చెబితే అసహ్యించుకుంటారని."

"చెప్పకపోతే?" ఆయన గొంతు పైకి లేచింది. "నాలుగేళ్ళు! చెయ్యి వేస్తే దులుపుకున్నావు. పక్కన కూర్చుంటే జరిగిపోయావు. నేనంటే నీకు గిట్టదనుకున్నాను."

"నాకు నేనే గిట్టలేదండీ."

ఆయన రెండు అరచేతులతో మొహం రుద్దుకున్నాడు. వేళ్ళకి అంటిన పొట్టు కళ్ళలో పడ్డట్టుంది, చాలాసేపు తుడుచుకుంటూనే ఉన్నాడు. ఆమె లేచి వెళ్ళి పక్కన కూర్చుంది. నాలుగేళ్ళలో తనంతట తాను ఆయన పక్కన కూర్చోవడం అదే మొదలు. ఆయన జరగలేదు.

"సోమవారం డాక్టరు దగ్గరికి నాతో రండి," అంది. "ఒక్కసారి చెప్పాను గాని, ఒక్కదాన్నే వెళ్ళి మళ్ళీ చెప్పలేను. మీరు పక్కనుంటే చెబుతాను. పని నిలబడినా, పోయినా, మీరుంటే ఫరవాలేదు నాకు."

ఆయన కాలితో రంపపు పొట్టుని పక్కకి నెట్టాడు.

"ఏవండీ?"

"ఆ కటింగ్ మాస్టరు మాట ఆర్నెల్ల కిందటే విన్నాను," అన్నాడు నేల చూస్తూ. "నమ్మాను. నమ్మకేం చెయ్యను, నువ్వు నాకు ఇంకేం మిగిల్చావు నమ్మడానికి? కంపెనీ వాళ్ళు దూరంగా కొత్త షెడ్డు పెడుతున్నారంటే, అడిగి మరీ బదిలీ చేయించుకున్నాను. ఇక్కడ నా చోటికి మనిషి వచ్చేశాడు. అక్కడ ఆదివారం చేరిపోవాలి. మా అమ్మ కూడా ఊరి నుంచి నేరుగా అక్కడికే వస్తానంది."

ఆమెకి అప్పుడు కనిపించింది. పనిముట్లు సర్దినవి ఇవాళ్టి పని అయిపోయి కాదు. అన్నీ తాడుతో కట్టి ఉన్నాయి.

"ఎప్పుడు బయలుదేరాలి?"

"రేపు పొద్దున. ఇవాళ ఇంటికెళ్ళాక చెబుదామనుకున్నాను."

"మీరొక్కరేనా?"

ఆయన చొక్కా జేబులోంచి రైలు రిజర్వేషన్ టిక్కెట్లు తీశాడు. ఆమెకి ఇవ్వలేదు, మళ్ళీ లోపల పెట్టుకోనూ లేదు. వేళ్ళ మధ్య అవి రెండుగా విడిపోయాయి.

"ఒకటి నాది," అన్నాడు. "ఇంకోటి పాపకి."